పాత ప్రింటర్‌లో తెలుగు ప్రింటు: తరచుగా అడిగే ప్రశ్నలు

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా 22 ఏళ్లుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. షాపులో ఇప్పటికీ మూడు ముసలి ప్రింటర్లు పనిచేస్తున్నాయి: ఒక ఎప్సన్ ఎల్‌ఎక్స్ 300, ఒక హెచ్‌పీ లేజర్‌జెట్ 6ఎల్, ఒక హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. ఈ సంగతి తెలిసినవాళ్లు కొత్త కంప్యూటర్ కొన్న మర్నాడే ఫోన్ చేస్తారు. అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మెనూల పేర్లు మీ విండోస్ వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

ఇంగ్లీషు చక్కగా వస్తోంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నార్థకాలో, ఖాళీ డబ్బాలో పడుతున్నాయి. ఎందుకు?

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. అక్షరాన్ని గీస్తున్నది ఎవరు, కంప్యూటరా, ప్రింటరా?

పాత ప్రింటర్ల లోపలి చిప్పులో ఇంగ్లీషు అక్షరాల బొమ్మలు ముందే ఉంటాయి. కంప్యూటర్ 65 అనే అంకె పంపితే చాలు, ప్రింటరే తన దగ్గరున్న పెద్ద 'ఎ' బొమ్మ తీసి కొట్టేస్తుంది. పంపేది ఒక్క అంకె కాబట్టి పని చకచకా అయిపోతుంది. ఈ పద్ధతిలో 0 నుంచి 255 వరకే అంకెలున్నాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో మన 'క' నంబరు 3093. ఆ నంబరు పట్టే చోటే ఈ పద్ధతిలో లేదు, కాబట్టి మధ్యలో డ్రైవరే (కంప్యూటర్ మాటను ప్రింటర్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) చేతులెత్తేసి ప్రశ్నార్థకం పంపుతుంది. పోనీ నంబరు చేరినా, 'క' కింద 'ష' వత్తు పెట్టి 'క్ష' చేయాలన్న తెలివి ఆ చిప్పుకు లేదు.

కాబట్టి తెలుగు రావాలంటే అక్షరాన్ని కంప్యూటరే గీసి, బొమ్మగా పంపాలి. ప్రింటర్ చుక్కలు పెట్టే పని మాత్రం చేస్తుంది. కింద చెప్పే ఉపాయాల్లో ముప్పాతిక వంతు దీని చుట్టూ తిరిగేవే.

ప్రశ్నార్థకాలు వస్తున్నాయంటే చాలాసార్లు మీ డ్రైవర్ 'జెనెరిక్ / టెక్స్ట్ ఓన్లీ' అయ్యుంటుంది. ఏ డ్రైవరూ దొరకనప్పుడు మెకానిక్ అది పెట్టేసి వెళ్లిపోతాడు. ఇంగ్లీషు టెస్ట్ పేజీ వస్తుంది, మనమూ సరే అనుకుంటాం. ఆ డ్రైవర్‌కు బొమ్మలు పంపడం రాదు. అది ఉన్నంతకాలం ఎన్ని ఫాంట్లు మార్చినా తెలుగు రాదు.

మా ప్రింటర్‌కు ఏ డ్రైవర్ వేయాలో ఎలా తెలుస్తుంది?

కంపెనీ పేరు కన్నా ప్రింటర్‌కు అర్థమయ్యే భాష ముఖ్యం. మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత ప్రింటర్లు దాదాపుగా నాలుగు కులాలు.

పిన్నులతో రిబ్బన్ మీద కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు ఎప్సన్ వాళ్ల ఈఎస్‌సీ/పీ భాష వస్తుంది. టీవీఎస్ లాంటి ఇతర కంపెనీల మోడళ్లు కూడా ఎక్కువగా దీన్నే అనుకరిస్తాయి. కొన్నింటిలో ఐబీఎం ప్రోప్రింటర్ అనుకరణ కూడా ఉంటుంది, సెట్టింగులో మార్చుకోవాలి. మీ మోడల్ పేరు జాబితాలో లేకపోతే 9 పిన్నుల ప్రింటర్‌కు ఎప్సన్ ఎల్‌ఎక్స్ లేదా ఎఫ్‌ఎక్స్ సిరీస్, 24 పిన్నుల దానికి ఎల్‌క్యూ సిరీస్ ఎంచుకోండి. నూటికి తొంభైసార్లు పనైపోతుంది.

పాత హెచ్‌పీ లేజర్లకు పీసీఎల్ అనే హెచ్‌పీ సొంత భాష వస్తుంది. 4, 6ఎల్, 1100 లాంటివి పీసీఎల్ 5ఈ కాలం నాటివి. సరైన డ్రైవర్ లేకపోతే లేజర్‌జెట్ 4 డ్రైవర్ పెట్టి చూడండి.

అడోబ్ వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ భాష వచ్చిన ప్రింటర్లు ఖరీదైనవి. పత్రికాఫీసులు, పెద్ద ప్రెస్సులు మూలన పడేస్తే మన చేతికి వచ్చినవి ఉంటాయి. వీటితో పెద్దగా పేచీ లేదు.

నాలుగోదానికి సొంత భాషంటూ ఏమీ లేదు. హెచ్‌పీ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 ఇలాంటివే. పేజీ మొత్తం కంప్యూటరే చుక్కలుగా మార్చి, కంపెనీకే తెలిసిన మూటగట్టి పంపుతుంది. వీటికి వాటి సొంత డ్రైవరే కావాలి, పక్కింటి డ్రైవర్ పనికిరాదు. పేజీని కంప్యూటరే గీస్తుంది కాబట్టి, డ్రైవర్ సరిగ్గా పడితే తెలుగుకు వీటిలో ఏ ఇబ్బందీ ఉండదు.

ప్రింటర్ బతికే ఉందా అని చూడాలంటే కంప్యూటర్ వైరు పీకేసి సెల్ఫ్ టెస్ట్ కొట్టండి. ఎల్‌ఎక్స్ 300లో లైన్ ఫీడ్ మీట నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే చాలు. టెస్ట్ పేజీ బాగుంటే తప్పు వైరులోనో, డ్రైవర్‌లోనో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ప్రింటర్‌ను ఆటోలో వేసుకుని మా షాపుకు వచ్చినవాళ్లు బోలెడుమంది.

విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. వైరు పెడితే ప్రింటర్ కనిపించడమే లేదు.

తనంతట తాను కనిపించాలని ఎదురుచూడకండి. 'యాడ్ డివైస్' నొక్కి, కాసేపాగితే వచ్చే 'యాడ్ మాన్యువల్‌గా' అన్న మాట పట్టుకోండి. అందులో లోకల్ ప్రింటర్, తర్వాత పోర్టు, తర్వాత కంపెనీల జాబితా. జాబితా పొట్టిగా ఉంటే అక్కడే 'విండోస్ అప్‌డేట్' అనే మీట ఉంటుంది, నొక్కి కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి. పాత మోడళ్ల పేర్లు చాలా వరకు అప్పుడే వస్తాయి.

విండోస్ 11 కొత్త వెర్షన్లలో 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అనే సెట్టింగు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే కంపెనీల పాత డ్రైవర్లు వేటినీ రానివ్వదు. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీ అడుగున ఉంటుంది, ఆఫ్ చేయండి. విడి కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే చెప్పింది. అందుకే మీ ప్రింటర్‌కు పనిచేసే డ్రైవర్ దొరికితే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. నేను ఒక పాత సీడీ డబ్బాలో డ్రైవర్ల పెన్‌డ్రైవ్ పెట్టి, పైన 'ముట్టుకోవద్దు' అని రాసి ఉంచాను.

32 బిట్ విండోస్ కాలం నాటి డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు. ఆ సీడీలతో కుస్తీ పట్టి టెన్షన్ పడకండి.

కాగితాల నిండా పిచ్చి రాతలు వస్తున్నాయి, ఆపినా ఆగట్లేదు.

ఒక రైస్ మిల్లు గుమస్తా ఒకసారి రెండంగుళాల మందం కాగితాల కట్ట తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "అన్నా, ప్రింటర్‌కు దయ్యం పట్టింది, రాత్రంతా కొడుతూనే ఉంది" అన్నాడు. ఒక్కో కాగితం మీద ఒకటో రెండో లైన్లు, మిగతాదంతా ఖాళీ. నేను కట్టలో మొదటి కాగితం, అందులోనూ మొదటి లైను మాత్రమే చూశాను. శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, వెంటనే పీఎస్ అనే రెండక్షరాలు, ఆ పక్కన అడోబ్ పేరు. దయ్యం పేరు పోస్ట్‌స్క్రిప్ట్. కొత్త కంప్యూటర్‌లో వాళ్లబ్బాయి డ్రైవర్ వేస్తూ పేరు చివర పీఎస్ ఉన్నది ఎంచుకున్నాడు. ప్రింటర్‌కేమో పీసీఎల్ మాత్రమే వచ్చు. కంప్యూటర్ పంపిన ఆజ్ఞలన్నిటినీ అది మామూలు టెక్స్ట్ అనుకుని పొద్దున దాకా ప్రింటు తీసి పెట్టింది. డ్రైవర్ మార్చడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ కట్ట వెనకవైపు మా షాపులో చిత్తుకాగితాలకు ఏడాది వచ్చింది.

కాబట్టి చెత్త వచ్చినప్పుడు పారేయకండి, మొదటి లైను చదవండి. పైన చెప్పిన గుర్తులుంటే పోస్ట్‌స్క్రిప్ట్ రాని ప్రింటర్‌కు ఆ డ్రైవర్ పెట్టారన్నమాట. ఈ-మెయిల్ అడ్రసులో ఉండే @ గుర్తు, పక్కన పీజేఎల్ అని ఉంటే హెచ్‌పీ లేజర్‌కు పంపాల్సినది దాన్ని అర్థం చేసుకోలేని ప్రింటర్‌కు వెళ్లింది. ఆ లైన్లలోనే పీసీఎల్ పక్కన ఎక్స్ఎల్ అని కూడా కనిపిస్తే పీసీఎల్ 6 డ్రైవర్‌ను పీసీఎల్ 5 ప్రింటర్‌కు తగిలించినట్టు. డాట్ మ్యాట్రిక్స్‌లో గ్రీకు అక్షరాలు, పెట్టె గీతలు కలగాపులగంగా వస్తుంటే ఎప్సన్, ఐబీఎం అనుకరణల్లో ఏది ఆన్‌లో ఉందో చూడండి. సగం పేజీ దాకా బాగా వచ్చి తర్వాత చెడితే అనుమానించాల్సింది వైరునే.

ఆపడానికి ఒక వరస ఉంది. ముందు ప్రింటర్ ఆఫ్ చేయండి. తర్వాత కంప్యూటర్‌లో క్యూ, అంటే ప్రింటుకు వరసలో ఉన్న పనులన్నీ, ఖాళీ చేయండి. క్యూ ఖాళీ కాకపోతే సర్వీసెస్‌లో ఆ వరసను నడిపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దాని లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసేసి, స్పూలర్ మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాతే ప్రింటర్ ఆన్ చేయాలి. ప్రింటర్ ఆపకుండా క్యూ మాత్రం తుడిస్తే, దాని కడుపులో ఉన్నదంతా కక్కేదాకా ఊరుకోదు.

తెలుగు వస్తోంది గానీ వత్తులు ఊడిపోతున్నాయి, గుణింతాలు పక్కకు జరుగుతున్నాయి.

స్క్రీన్ మీద సరిగ్గా ఉండి కాగితం మీద చెడిందంటే డ్రైవర్ ఫాంటును ముక్కలుగా ప్రింటర్‌లోకి దించుతోందని అర్థం. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ట్రూటైప్ ఫాంట్ అన్నచోట చూడండి. అక్కడ సాఫ్ట్ ఫాంట్‌గా డౌన్‌లోడ్ చేయి అని ఉంటే, బిట్‌మ్యాప్‌గానో గ్రాఫిక్స్‌గానో మార్చండి. కొన్ని డ్రైవర్లలో 'ప్రింట్ టెక్స్ట్ యాజ్ గ్రాఫిక్స్' అని ఉంటుంది.

ఇంకా తేలిక దారి పీడీఎఫ్. వర్డ్ నుంచో, లిబ్రేఆఫీస్ నుంచో పీడీఎఫ్ చేసి, అడోబ్ రీడర్‌లో తెరిచి, ప్రింట్ పెట్టెలో అడ్వాన్స్‌డ్ నొక్కి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్ పెట్టండి. కొంచెం నెమ్మదిగా వస్తుంది, కానీ పేజీ అంతా ఫోటోలాగా వెళ్తుంది కాబట్టి ఒక్క సున్నా కూడా ఊడదు. పెళ్లి శుభలేఖ ప్రూఫులు నేను ఇప్పటికీ ఇలాగే తీస్తాను. పెళ్లికూతురి పేరులో వత్తు ఎగిరిపోతే వాళ్లకు సమాధానం చెప్పుకోలేం.

స్క్రీన్ మీదే చెడి ఉంటే మాత్రం అది ప్రింటర్ గొడవ కాదు. ఫాంటు మార్చండి.

సగం పేజీ వచ్చి ఆగిపోతోంది, మిగతా సగం రెండో కాగితం మీద వస్తోంది.

బొమ్మగా పంపమన్నాం కదా, దాని ఖరీదు ఇది. లెక్క చూడండి. ఏ4 పేజీ అంగుళానికి 300 చుక్కల చొప్పున 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవు ఉంటుంది. చుక్కకు ఒక బిట్ అనుకుంటే మొత్తం 10 లక్షల 87 వేల బైట్లు, అంటే సుమారు ఒక ఎంబీ. 600 చుక్కలకు పెడితే దానికి నాలుగు రెట్లు. లేజర్‌జెట్ 2 పుట్టింది అర ఎంబీ మెమరీతో. అంటే నిండు పేజీ బొమ్మ అందులో పట్టదు, సగం దగ్గర ఊపిరి ఆగిపోతుంది. పేజీని కుదించి దాచుకోవడం వచ్చిన తర్వాతి మోడళ్లు కొంత నెట్టుకొస్తాయి.

డ్రైవర్‌లో రిజల్యూషన్ 600 నుంచి 300కి తగ్గించండి. చాలకపోతే 150. దస్తావేజు చిత్తుప్రతికి 300 ధారాళంగా సరిపోతుంది. పేజీ నిండా బోర్డరు, వెనకాల లేత రంగు వినాయకుడి బొమ్మ లాంటివి ఉంటే తీసేయండి. డిస్‌ప్లే ఉన్న లేజర్‌జెట్‌లలో 20 నంబరు ఎర్రర్ మెమరీ నిండిందని, 21 నంబరు పేజీ మరీ చిక్కుగా ఉండి సమయానికి తయారు కాలేదని చెబుతాయి. 21 వస్తే ప్రింటర్ మెనూలో పేజ్ ప్రొటెక్ట్ ఉందేమో చూసి ఆన్ చేయండి.

పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లున్నాయి. వాటి సంగతేంటి?

అవి యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన ఫాంట్లు. తలకట్టుకు ఒక గడి, వత్తుకు ఒక గడి, మొత్తం 256 లోపే. చిత్రమేమిటంటే పాత పీసీఎల్ ప్రింటర్లకు ఇవే ఎక్కువ నచ్చుతాయి. యూనికోడ్ ఫాంటు దగ్గర తడబడే ప్రింటర్ ఈ ఫైలును గుక్క తిప్పుకోకుండా కొట్టేస్తుంది. ఒకే కాలం మనుషులు కదా.

చిక్కల్లా ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిచినప్పుడే వస్తుంది. తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనిపిస్తుంది, అలాగే ప్రింటవుతుంది. కాబట్టి ఇంకో షాపుకు పంపేటప్పుడు పేజ్‌మేకర్ ఫైలు పంపకండి, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ పంపండి. పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో కొడుతుంటే అందులో ఫాంట్ సబ్‌స్టిట్యూషన్ అనే పట్టిక ఉంటుంది, మీ తెలుగు ఫాంటుకు బదులు ప్రింటర్ ఫాంటు వాడమని అందులో ఉందేమో చూసుకోండి.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. టైప్ 1 రకం ఫాంట్లకు అడోబ్ 2023 జనవరితో మద్దతు ఆపేసింది. రోజూ వాడే ఫార్మాట్లు, అంటే అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, వీలునామాలు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చాక ఒక్కసారి కళ్లతో చదవాల్సిందే. సర్వే నంబర్ల పక్కన ఉండే గీతలు, కొన్ని అరుదైన వత్తులు తారుమారవుతాయి.

డాట్ మ్యాట్రిక్స్‌లో తెలుగు చదవడానికి వీల్లేకుండా వస్తోంది. ఏ ఫాంటు వాడాలి?

9 పిన్నుల తలలో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. ఫాంటు పాయింటు కూడా దాదాపు అంతే. అంటే 12 పాయింట్ల అక్షరానికి దొరికేది నిలువునా 12 చుక్కలు. ఆ 12లోనే 'రాష్ట్రం' రాయాలి: ష, దాని కింద ట వత్తు, దాన్ని చుట్టుకుని ర వత్తు. వత్తుల వాటాకు మూడో నాలుగో చుక్కలు మిగులుతాయి. మూడు చుక్కల్లో ట వత్తు గీయడం ఎవరి తరమూ కాదు. నల్లటి మరక పడుతుంది.

కాబట్టి డ్రైవర్‌లో గ్రాఫిక్స్ రిజల్యూషన్ ఉన్నంతలో పెద్దది పెట్టండి. తల ఒకే లైను మీద రెండుసార్లు తిరిగి నిలువు చుక్కలను 144కు పెంచుతుంది, అప్పుడు 12 పాయింట్లకు 24 చుక్కలు. 24 పిన్నుల ప్రింటర్‌లో అంగుళానికి 180, అంటే 30 చుక్కలు. పోలికకు, 600 చుక్కల లేజర్‌లో అదే అక్షరానికి 100 ఉంటాయి. అక్షరం సైజు 14కు తగ్గకూడదు, 16 అయితే ఇంకా మంచిది. లైన్ల మధ్య ఎడం కూడా పెంచాలి, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది.

ఫాంటు విషయంలో నా ఓటు గీత మందం అంతటా ఒకేలా ఉండేవాటికి: నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి. పుస్తకంలో ఎంతో ముద్దుగా ఉండే సన్న గీతల ఫాంట్లు ఇక్కడ విరిగిపోతాయి. రామభద్ర మరీ బొద్దు, హెడ్డింగుకు మాత్రమే.

బిల్లులో పేరు, అడ్రసు తెలుగులో, అంకెలు ఇంగ్లీషులో ఉంటే అంకెలకు ప్రింటర్ సొంత ఫాంటు వాడండి. డాట్ మ్యాట్రిక్స్ డ్రైవర్ వేశాక వర్డ్ ఫాంట్ల జాబితాలో రోమన్ 10 సీపీఐ, డ్రాఫ్ట్ 10 సీపీఐ లాంటి పేర్లు వస్తాయి. ఆ లైన్లు టకటకా కొట్టేస్తుంది, తెలుగు లైన్ల దగ్గరే నెమ్మదిస్తుంది.

అక్షరాల మధ్య నుంచి అడ్డంగా ఒక సన్నటి తెల్ల గీత ప్రతి లైనులోనూ వస్తుంటే అది ఫాంటు లోపం కాదు, ఒక పిన్ను విరిగింది.

కంటిన్యువస్ పేపర్‌లో మొదటి పేజీ బాగానే ఉంది. తర్వాత ప్రతి పేజీ కొంచెం కొంచెం పైకి జరుగుతోంది.

స్కేలు తీసుకుని కాగితం కొలవండి. చిల్లుల గీత నుంచి చిల్లుల గీతకు 12 అంగుళాలు ఉంటుంది, మన దగ్గర బజార్లో ఎక్కువగా దొరికేది 10కి 12 సైజు. ప్రింటరేమో పేజీ 11 అంగుళాలు అనుకుంటోంది. ఒక్కో పేజీకి ఒక్కో అంగుళం ముందే మొదలవుతుంది. మూడో పేజీకి హెడ్డింగు రెండంగుళాలు పైకి, అంటే ముందు కాగితం అడుగుకు ఎక్కేస్తుంది. మీరు ఓపిగ్గా కొట్టనిస్తే 13వ పేజీ మళ్లీ సరిగ్గా చిల్లుల గీత దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే 11 అంగుళాల పేజీలు 12 అయ్యేసరికి 12 అంగుళాల కాగితాలు 11 పూర్తవుతాయి. దీన్ని చూసి "అదే సర్దుకుంది" అనుకుని ఊరుకున్నవాళ్లను కూడా చూశాను.

రెండుచోట్ల సరిచేయాలి. ప్రింటర్‌లో డిప్ స్విచ్చో (చిన్న చిన్న మీటల వరస), సెట్టింగ్ మోడో ఉంటుంది, అందులో ట్రాక్టర్ (చిల్లుల కాగితాన్ని లాగే చక్రాలు) పేజీ పొడవు 12 చేయండి. విండోస్‌లో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరిచి, ఫార్మ్స్‌లో 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవుతో కొత్త ఫారం చేసి పేరు పెట్టండి. ఆ తర్వాత ప్రింటర్ డిఫాల్ట్స్‌లోనూ, వర్డ్ పేజ్ సెటప్‌లోనూ ఆ ఫారమే ఎంచుకోవాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్రోగ్రాం మీ సొంతదైతే మొదట్లో 27, 64 పంపి ప్రింటర్‌ను శుభ్రంగా మొదలుపెట్టి, 27, 67, 0, 12 పంపండి. ఈఎస్‌సీ/పీలో పేజీ పొడవు 12 అంగుళాలు అని దానర్థం. సన్నక్షరాలకు 15, మళ్లీ మామూలుకు 18.

ఇంకోటి. కాగితాన్ని చేత్తో నాబ్ తిప్పి సర్దకండి. ప్రింటర్ ఆఫ్ చేసి, చిల్లుల గీతను తల దగ్గర పెట్టి, ఆన్ చేయండి. ఆన్ చేసినప్పుడు కాగితం ఎక్కడుందో అదే దానికి పేజీ మొదలు.

మా అకౌంట్స్ ప్రోగ్రాం డాస్‌లో ఉంది. యూఎస్‌బీ నుంచి ప్యారలల్ కేబుల్ కొన్నాం, ప్రింటు రాదు.

ఆ కేబుల్ డాస్ ప్రోగ్రాంలు ప్రింటు పంపే పాత ఎల్‌పీటీ1 పోర్టును సృష్టించదు. విండోస్‌లో యూఎస్‌బీ001 అనే పోర్టు వస్తుంది, డాస్ ప్రోగ్రాంకు దాని ఊసే తెలియదు. ప్రింటర్‌ను షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్' ఆజ్ఞతో ఎల్‌పీటీ1ను ఆ షేర్ పేరుకు కలపాలి. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ డాస్ ప్రోగ్రాం నడవనే నడవదు కాబట్టి డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ లాంటి ప్రోగ్రాం కావాలి. అందులో ప్రింటర్ పోర్టు ఏర్పాటు కూడా ఉంది.

ఇలా వెళ్లేది నేరుగా అంకెలే. డాట్ మ్యాట్రిక్స్‌కు, పాత పీసీఎల్ లేజర్‌కు పనిచేస్తుంది. 1020 లాంటి వాటికి చస్తే పనిచేయదు. పీసీఎల్ లేజర్‌లో చివరి పేజీ బయటికి రాకుండా లైటు వెలుగుతూ ఉంటే, ప్రోగ్రాం చివర్లో 12 అనే ఫారం ఫీడ్ అంకె పంపడం లేదన్నమాట. ప్రింటర్ మీద మీట నొక్కితే వచ్చేస్తుంది.

డాస్ కాలంలో కంప్యూటర్‌లో పెట్టి తెలుగు రాబట్టిన జిస్ట్ కార్డుతో నడిచిన ఫైళ్లుంటే అవి యూనికోడ్‌కు ముందు మన భాషలకు వాడిన ఇస్కీ కోడులో ఉంటాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి, ప్రింటు సంగతి తర్వాత.

లినక్స్‌లో 1020 ఒక్కోరోజు పనిచేస్తుంది, ఒక్కోరోజు చేయదు.

ఆ ప్రింటర్ తన లోపలి సాఫ్ట్‌వేర్‌ను దాచుకోదు. పవర్ ఆఫ్ చేయగానే మరిచిపోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఎక్కించాలి. హెచ్‌పీ ప్రింటర్లకు లినక్స్‌లో వాడే హెచ్‌పీలిప్ ప్యాకేజీతో పాటు దాని ప్లగిన్ కూడా వేస్తే ఆ పని అదే చూసుకుంటుంది. ముందు కంప్యూటర్, తర్వాత ప్రింటర్ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి.

డాట్ మ్యాట్రిక్స్‌కు లినక్స్ చాలా నయం. లినక్స్‌లో ప్రింటు పని చూసే కప్స్‌లో ఎప్సన్ 9 పిన్, ఎప్సన్ 24 పిన్ అనే డ్రైవర్లు దాంతోపాటే వస్తాయి, విడిగా వెతకనక్కర్లేదు. టెక్ (TeX) అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు జీటెక్‌తో, అంటే యూనికోడ్ తెలుగు తెలిసిన రకంతో పీడీఎఫ్ తయారుచేసి దీనికే పంపితే సరిపోతుంది.

లేజర్‌జెట్ మీద 'పీసీ లోడ్ లెటర్' అని వస్తోంది. ఏ లెటర్ లోడ్ చేయాలి?

ఏమీ చేయక్కర్లేదు. పీసీ అంటే ఇక్కడ పేపర్ క్యాసెట్, లెటర్ అంటే అమెరికా కాగితం సైజు, 8.5కి 11 అంగుళాలు. ట్రేలో మీరు పెట్టింది ఏ4. మీ సాఫ్ట్‌వేర్ పుట్టింది అమెరికాలో కాబట్టి లెటర్ అడుగుతోంది. వర్డ్ పేజ్ సెటప్‌లో, డ్రైవర్‌లో, పీడీఎఫ్ తీసేచోట, మూడు చోట్లా ఏ4 చేయండి. దస్తావేజులకు లీగల్ కాగితం వాడేవాళ్లకు కూడా ఇదే మాట.

ఇంట్లో నాలుగు పేజీలున్న పిటిషన్ ప్రింట్ షాపులో అయిదు పేజీలైంది.

వర్డ్ పేజీని లెక్కగట్టేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్‌ను కూడా చూసుకుంటుంది. ప్రింటర్ మారితే లైన్లు విరిగే చోటు మారొచ్చు, ఫాంటు లేకపోతే ఇంకా ఎక్కువ. పీడీఎఫ్ తీసుకెళ్లండి. అందులో లైన్లు కదలవు.

ఇంత తంటా ఎందుకు, కొత్తది కొనేస్తే పోలా?

ఇంట్లో నెలకు పది పేజీలు కొట్టేవాళ్లయితే కొనేయండి. నేనే చెబుతాను. కానీ కార్బన్ కాపీలతో ఒకేసారి మూడు ప్రతులు కావాలంటే కాగితాన్ని కొట్టే ప్రింటరే కావాలి. లేజర్, ఇంక్‌జెట్ కొట్టవు, పైకాగితం మీద అద్దుతాయంతే. లారీ ఆఫీసుల్లో, మిల్లుల్లో డాట్ మ్యాట్రిక్స్ ఇంకా బతికున్నది అందుకే. 1020కి, ఎల్‌బీపీ 2900కి కాట్రిడ్జ్ దాదాపు ఒకటే, బజార్లో 12ఏ/303 అని ఒకే డబ్బాలో అమ్ముతారు, రీఫిల్లింగ్ చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అది దొరికినంతకాలం నేనైతే మార్చను.

రిబ్బన్ మార్చినా అక్షరాలు లేతగానే ఉన్నాయి.

తల పక్కన కాగితం మందాన్ని బట్టి జరిపే చిన్న లివర్ ఉంటుంది. మూడు కాపీల కాగితం కోసం ఎవరో వెనక్కి నెట్టి అలాగే వదిలేసి ఉంటారు. ఒకే కాగితానికి మళ్లీ ముందుకు తెచ్చి చూడండి.